కోతి గుంపులో పెద్దరికం ఎవరిది?



గుడి మెట్ల మీద అరటిపండు పడితే కోతుల్లో ఏం జరుగుతుందో మీరు గమనించే ఉంటారు. ఒకటి తాపీగా వచ్చి పండు తీసుకుంటుంది. పక్కనున్న మరొకటి పళ్ళు బయటపెట్టి తప్పుకుంటుంది. అది నవ్వు కాదు, నీదే పైచేయి అని ఒప్పుకోవడం. ఈ పెద్దరికమంతా కండబలమేనా? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన కథలో మన దేశపు కోతులే పాత్రధారులు.

1938లో అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ కార్పెంటర్ మన దేశంలో పట్టిన సుమారు 400 ఎర్రమూతి కోతులను ఓడలో తరలించి, కరీబియన్ సముద్రంలో ప్యూర్టో రికో పక్కనున్న కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలారు. 1956 నుంచి అక్కడ ఏ పిల్ల ఏ తల్లికి పుట్టిందో వరుసగా రాసిపెట్టారు. ఆ లెక్కల వల్లే అసలు సంగతి బయటపడింది.

ఆడపిల్లకు తల్లి స్థానానికి సరిగ్గా కింది స్థానం దక్కుతుంది. అక్కచెల్లెళ్ళలో సాధారణంగా చిన్నదానిదే పైచేయి. తగవు వస్తే తల్లి చిన్నదాని వైపు నిలబడుతుంది మరి! జపాన్ కోతుల్లోనూ ఇదే వరుస ఉందని అక్కడి పరిశోధకుడు కవామురా 1958లో రాశారు. మగవాటి దారి వేరు. అవి ఈడు రాగానే పుట్టిన గుంపు వదిలి మరో గుంపులో చేరతాయి. చాలావరకు అడుగున మొదలై, ఏళ్ళు గడిచేకొద్దీ పైకి వస్తాయి. అంటే బలం కన్నా అండ, ఓర్పు ముఖ్యమన్నమాట.

మరి కింది స్థానంలో ఉన్న కోతి బెదురుగా ఉండటం దాని స్వభావమా? 2016లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఆడకోతులను ఒకదాని తర్వాత ఒకటిగా కొత్త గుంపుల్లో చేర్చారు. ముందు చేరినవాటికి పై స్థానం దక్కింది. చివర చేరినవాటికి వేధింపులు ఎక్కువ, పేలు చూసే తోడు తక్కువ. వాటి ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే ఏర్పాటు పనితీరు కూడా వేరుగా కనిపించింది. గుంపులు మార్చి స్థానం మారిస్తే అదీ మారింది!

2017 సెప్టెంబరులో మరియా తుఫాను కాయో శాంటియాగో మీద పడి చెట్లను నేలకూల్చింది. నీడ కరువైంది. ఎప్పుడూ కలహించే ఆ కోతులు ఒకదాన్నొకటి సహించి, ఉన్న కాస్త నీడలో దగ్గర దగ్గరగా కూర్చోవడం నేర్చాయి. అలా సర్దుకున్నవాటికే బతికే అవకాశం పెరిగిందని తర్వాత తేలింది.

కోతుల పద్ధతి మనుషులకు నీతి కాదు. అయినా ఎవరినైనా చూసి 'వాడి గుణమే అంత' అనేముందు, వాడికి దక్కిన చోటెలాంటిదో, వాడి వెనుక ఎవరున్నారో కూడా చూడడం న్యాయం.