మాయా స్త్రీల మగ్గము

గ్వాటిమాలా దేశమందలి మాయా స్త్రీలు మగ్గమునకు ఒకకొనను చెట్టునకు గట్టి, రెండవకొనను నడుమునకు బిగించుకొని నేయుదురు. "విపీల్" అను వారి రవికెపై నేతను జూచి, ధరించినయామె యే యూరిదో పోల్చవచ్చును.

అచట 1960 మొదలు 1996 వఱకు అంతర్యుద్ధము సాగెను. మృతులును, అదృశ్యులైనవారును 2,00,000 మందికి పైబడిరని 1999లో సత్యశోధక సంఘము అంచనా వేసెను; గుర్తింపబడిన బాధితులలో నూటికి 83 మంది మాయాజాతివారే. పతులను గోలుపోయినవారికి మగ్గమే దిక్కయ్యెను. వారిలో కొందఱు 1988లో కెట్సాల్తెనాంగో పట్టణమున "ట్రామా" యను సంఘముగా గూడి, తమ నేతను దామే యమ్ముకొనసాగిరి. పూర్వికుల నమూనాలను వర్తకు లనుకరించి లాభపడుట సహింపక, 2016లో నేతస్త్రీలు రాజ్యాంగ న్యాయస్థానము నాశ్రయించిరి.

జాలితో గొన్న బట్ట యొకపూట గడపును. న్యాయమైన వెల సంసారమును నిలుపునని మేము తలంచుచున్నాము. నేతచీరకు బేరమాడునపుడు మనమును దీనిని స్మరింపవలెను.