నిరుపయోగ స్థలాలు – పట్టణాల నడుమ జీవవైవిధ్య వనాలు

(ప్రత్యేక వ్యాసం)

తోటపల్లి గూడూరు: పట్టణాలు విస్తరించే కొద్దీ వాటి నడిబొడ్డున కొన్ని స్థలాలు ఎవరికీ అక్కరకు రాకుండా మిగిలిపోవడం సహజం. మూతపడిన గోదాములు, పాత కార్యాలయాల ఆవరణలు, పూడిపోయిన కుంటలు, లేఅవుట్లలో ప్రజల కొరకు విడిచిపెట్టినా అభివృద్ధికి నోచుకోని ఖాళీ జాగాలు ఈ కోవకు చెందుతాయి. పట్టించుకునేవారు లేనిచో అవి క్రమంగా చెత్తకుప్పలుగా మారడమో, ఆక్రమణలకు గురికావడమో జరుగుతుంది. అవే స్థలాలను ప్రజలకు నీడను, పక్షులకు గూటిని, భూమికి నీటిని ఇచ్చే వనాలుగా తీర్చిదిద్దవచ్చునని మన తెలుగు నేలపైనే జరిగిన ప్రయత్నాలు నిరూపిస్తున్నాయి.

విశాఖ అనుభవం

విశాఖపట్నం పెద వాల్తేరులోని రాణి చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో సుమారు 3 ఎకరాల స్థలాన్ని 2000 దశకం ఆరంభంలో నాటి విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ (వుడా) జీవవైవిధ్య ఉద్యానంగా రూపొందించింది. డాల్ఫిన్ నేచర్ కన్జర్వేషన్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఇందుకు తోడ్పాటునందించింది. ఔషధ మొక్కలు, నీటి మొక్కలు, ఎడారి మొక్కలు మొదలుగా వందలాది జాతులను అక్కడ విభాగాల వారీగా పెంచారు. మొక్కల వెంట సీతాకోకచిలుకలు, వాటి వెంట పక్షులు వచ్చి చేరాయి. విద్యార్థులకు అది తరగతి గది వంటి వనమైనది. విస్తీర్ణం స్వల్పమైనా, మొక్కల ఎంపిక సరియైనదైతే నగరం మధ్యలో సైతం జీవరాశికి చోటు కల్పించవచ్చునన్నది ఇందలి పాఠం.

హైదరాబాదు నేర్పిన పాఠం

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న రాళ్లగుట్టల అడవిని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. 142.5 హెక్టార్ల, అనగా సుమారు 350 ఎకరాల ఈ వనంలో నెమళ్లు స్వేచ్ఛగా సంచరిస్తాయి. నడక కొరకు వచ్చే పౌరులకు నిర్ణీత బాటలు కేటాయించి, తక్కిన భాగాన్ని వన్యప్రాణులకు విడిచిపెట్టడం ఇక్కడి నిర్వహణలోని ముఖ్యాంశం.

అయితే నగరం మధ్య అడవిని ప్రకటించడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. చుట్టూ రహదారుల విస్తరణ, ఫ్లైఓవర్ల ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా ఉద్యానం అంచుల్లోని చెట్ల గురించి వివాదం తలెత్తింది. 2020లో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన తుది నోటిఫికేషన్‌లో ఉద్యానం వెలుపల పర్యావరణ సున్నిత మండలం వెడల్పు 3 మీటర్ల నుంచి 29.8 మీటర్ల వరకు మాత్రమే ఉన్నది. హద్దు వెలుపల రక్షణ పలుచనైన కొద్దీ వెలుతురు, ధ్వని, ధూళి లోపలికి చొచ్చుకుపోతాయి. వనం ఏర్పాటుకు ముందే దాని అంచుల భవిష్యత్తును నిర్ణయించుకోవలసిన ఆవశ్యకతను ఇది తెలియజేస్తున్నది.

ఇతర దేశాలలో

లండన్ నగరంలో కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషన్ సమీపాన బొగ్గు నిల్వ చేసిన పాత యార్డు 1985లో కామ్లీ స్ట్రీట్ ప్రకృతి వనంగా మారింది. దాని విస్తీర్ణం కేవలం 2 ఎకరాలు. బెర్లిన్‌లో 1952లో మూతపడిన టెంపెల్‌హోఫ్ రైల్వే యార్డులో దశాబ్దాల పాటు చెట్లు తమంతట తామే మొలిచి అడవిగా ఎదిగాయి. అక్కడ తిరిగి రైల్వే నిర్మాణాలు తలపెట్టగా స్థానిక ప్రజలు అభ్యంతరం తెలిపారు. ఫలితంగా 18 హెక్టార్ల ఆ స్థలం 2000 సంవత్సరంలో ప్రజావనంగా ప్రారంభమైనది. మన దేశంలో 2020 జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవ సందర్భంగా, ఐదేళ్లలో 200 నగర వనాలు నెలకొల్పే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది.

తీర మండలాలకు వర్తించే అంశాలు

నెల్లూరు నగరానికి తూర్పున, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న తోటపల్లి గూడూరు వంటి మండలాలలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉన్నది. కోడూరు తీరం వైపు వెళ్లే కొద్దీ నేల ఇసుకపాలు, గాలిలో ఉప్పు శాతం పెరుగుతాయి. తీరప్రాంతంలో భూగర్భ జలాలను మితిమీరి తోడినచో సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడుతుంది. కాబట్టి నిత్యం తడి కోరే పచ్చిక బయళ్లు, అలంకార మొక్కలు ఇక్కడికి తగినవి కావు. వేప, కానుగ, నేరేడు, మర్రి, రావి, పొన్న, గంగరావి, తాడి వంటి వృక్షాలు వేరూనిన పిదప తక్కువ నీటితోనే మనగలుగుతాయి.

ప్రతి మొక్కకూ దానిపై ఆధారపడిన జీవి ఉన్నది. జిల్లేడు ఆకులపై ఒక జాతి సీతాకోకచిలుక, కరివేప, నిమ్మ ఆకులపై మరొక జాతి, తంగేడుపై వేరొక జాతి గుడ్లు పెడతాయి. తాటిమట్టలకు, ఈతచెట్లకు గిజిగాడు గూళ్లు అల్లుతుంది. మర్రి, రావి, మేడి పండ్లు అనేక పక్షులకు ఆహారం. అందుచేత పూలమొక్కలతో పాటు, పురుగు తినే ఆకులున్న మొక్కలకూ వనంలో చోటు ఉండాలి. క్రిమిసంహారక మందులు వాడరాదు. ఎండిన మానును ప్రజలకు ప్రమాదం లేనిచోట అలాగే ఉంచినచో వడ్రంగిపిట్టకు, గుడ్లగూబకు ఆశ్రయమవుతుంది. రాత్రివేళ దీపాలు బాటలకే పరిమితం కావాలి.

సర్కారు తుమ్మను తొలగించే విషయంలోనూ తొందర తగదు. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులో ఊరి చెరువులోని తుమ్మచెట్లపైనే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకున్నాయి. ఆ గ్రామస్థులు వాటిని తమ అతిథులుగా భావించి కాపాడుతున్నారు. గూళ్లున్న చెట్లను ఉంచి, స్థానిక వృక్షాలు ఎదిగిన తరువాతనే దశలవారీగా తొలగించడం మేలు.

చేపట్టవలసిన క్రమం

మొదటగా రెవెన్యూ రికార్డులను పరిశీలించి, సర్వే చేయించి హద్దురాళ్లు నాటించాలి. హక్కు స్పష్టంగా లేని స్థలంలో నాటిన మొక్కకు రక్షణ ఉండదు. రెండవది, ఒక సంవత్సరం పాటు అన్ని రుతువులలో ఆ స్థలంలో ఏయే మొక్కలు, పక్షులు ఉన్నవో నమోదు చేయాలి. పాడుపడినట్లు కనిపించే నేలలో సైతం జీవం ఉంటుంది. మూడవది, పాత వ్యర్థాలున్నచో మట్టి పరీక్ష చేయించి శుభ్రపరచాలి. నాలుగవది, వాననీరు నిలిచే పల్లంలో కుంట తవ్వి, దోమపిల్లలను తినే చేపలను వదలాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది అక్కడి ప్రజలతో సంప్రదింపు. ఖాళీ స్థలమని మనం భావించే చోట మేకలు మేపుకునేవారు, తోపుడుబండ్లపై జీవించేవారు, గూడు లేక తలదాచుకున్నవారు ఉండవచ్చు. వారికి ప్రత్యామ్నాయం చూపకుండా కంచె వేసినచో, ఆ వనం వారికి పరాయిదవుతుంది. పరాయిదైన వనానికి కాపలా ఎంత పెట్టినా చాలదు. సంరక్షణ పనులలో వారికే ఉపాధి కల్పించడం ఉభయతారకం.

చెట్ల పరిరక్షణకు, భూగర్భ జలాల సద్వినియోగానికి 2002 నాటి వాల్టా చట్టం ఊతమిస్తున్నది. లేఅవుట్లలో ప్రజావసరాలకు విడిచిన స్థలం ఏ సర్వే నంబరులో ఉన్నదో తెలుసుకునే హక్కు ప్రతి పౌరునికీ ఉన్నది. గ్రామసభలో, వార్డు సమావేశంలో ఆ ప్రశ్న లేవనెత్తడమే తొలి మెట్టు. నేడు చెత్త పోస్తున్న చోట రేపు భవనం లేచినచో, ఆ నేల తిరిగి రాదు. అదే చోట ఒక మర్రి నాటినచో, మూడు తరాలకు నీడ మిగులుతుంది. నిర్ణయం స్థానిక సంస్థలదీ, ప్రజలదీ ఉమ్మడిగా కావాలి.