వరాహనగర మఠము – గృహస్థుల ఊరట

మఠమనగానే తెలుగువారి మనస్సునకు తోచు చిత్రమొకటి కలదు. మాన్యములు, పీఠము, పీఠాధిపతి, శిష్యుల రాకపోకలు, పాదపూజలు - ఇవి ఆ చిత్రమునకు అంగములు. ఆర్తుడు అచ్చటికి పోవును. సిద్ధుడు అచ్చట ఆసీనుడై యుండును. ఒకడు దుఃఖము చెప్పుకొనును, మరియొకడు దానిని తీర్చును. పందొమ్మిదవ శతాబ్దము చివర కలకత్తాకు ఉత్తరమున, గంగయొడ్డున, ఒక పాడుపడిన యింట వెలసిన మఠమున ఈ అంగము లేవియు లేవు. మాన్యము లేదు, పీఠము లేదు, సిద్ధుడనని చెప్పుకొన్నవాడు లేడు. అయినను అచ్చటికి పోయినవారికి ఊరట దొరకినది. ఆ ఊరట యెట్టిదో, దాని వెలను ఎవరు చెల్లించిరో విచారింపదగియున్నది.

1886 ఆగస్టు 16వ తేదీన, ఇంకను తెల్లవారకమునుపే, శ్రీరామకృష్ణ పరమహంస కాశీపూరు తోటయింట దేహము చాలించెను. 1885 డిసెంబరు మొదలు ఆ యింట ఆయనకు రేయింబవళ్లు శుశ్రూష చేసిన యువకులలో పెక్కుమంది చదువులను నడుమ విడిచినవారు. గురువు పోయినవెనుక ఆ తోటను నిలుపుకొనుటకు దారి లేకపోయెను. కొందరు ఇండ్లకు మరలిరి. తారకుడు, లాటు, వృద్ధగోపాలుడు - ఈ మువ్వురకు మరలిపోవుటకు ఇల్లు లేదు.

అప్పుడు ముందునకు వచ్చినవాడు సన్యాసి కాడు. సురేంద్రనాథ మిత్ర యను గృహస్థు. అతడు కలకత్తాలోని ఒక ఆంగ్లేయ వర్తకశాలలో మంచి జీతముగల ఉద్యోగి. మద్యపానము అతని బలహీనత. పరమహంస దానిని మానుమని శాసింపక, త్రాగుటకు ముందు జగన్మాతకు నివేదింపుమని మాత్రమే చెప్పెననియు, నివేదించుటతోనే ఆ యలవాటు అదుపులోనికి వచ్చెననియు భక్తులు చెప్పుకొందురు. కాశీపూరు తోటకు నెలకు 80 రూపాయల అద్దె చెల్లించినవాడును అతడే. గురువు పోయినవెనుక అతడు యువకులతో పలికిన మాటల సారాంశము మహేంద్రనాథ గుప్తుని కథామృతమునందు నిలిచియున్నది. ఒక ఇల్లు అద్దెకు తీసికొందమనియు, మీరు అందుండి గురుపూజ సాగింపుడనియు, రాత్రింబవళ్లు సంసారములో వేగుచున్న మావంటివారము ఊరటకై అచ్చటికి వచ్చుచుందుమనియు అతడు వేడుకొనెను.

ఈ వేడికోలును శ్రద్ధగా గమనింపవలెను. సన్యాసులకు మఠము కావలెనని అతడు అనలేదు. గృహస్థులకు మఠము కావలెననెను. తరువాతి కాలమున లోకమంతట శాఖలు వేసిన యొక సన్యాసి సంఘమునకు తొలి యిటుక, సంసారి తన మనశ్శాంతికొరకు పెట్టినది.

కాశీపూరునకును దక్షిణేశ్వరమునకును నడుమ, గంగకు తూర్పుగట్టున బరానగర్ అను ఊరున్నది. తెలుగు గ్రంథములలో దీనిని వరాహనగరమని వ్రాయుదురు. 1886వ సంవత్సరము శరత్కాలమున అచ్చట మున్షీల పాతయింటిని అద్దెకు తీసికొనిరి. దయ్యములు తిరుగునను ప్రతీతిచే ఆ యింట ఎవ్వరును కాపురముండుట లేదు. అద్దె నెలకు 11 రూపాయలు. వంటవానికి 6 రూపాయలు. సురేంద్రుడు మొదట నెలకు 30 రూపాయలిచ్చెను. ఒక్కొక్కరే వచ్చి చేరినకొలది దానిని రెట్టించెను. తుదకు నూరు రూపాయల వరకును ఇచ్చెను. అయినను పస్తులు తప్పలేదు. ఉప్పు, అన్నము, ఉడికించిన దొండజాతి ఆకులు - ఇదియే ఆహారమైన దినములు కలవు. వెలుపలికి పోవలసినవాడు ఉమ్మడిగా నుంచుకొన్న మంచి వస్త్రమును కట్టుకొని పోయెడివాడు. 1887వ సంవత్సరారంభమున వారు విరజాహోమము చేసి యథావిధిగా సన్యసించిరి.

ఈ యింటికి మరల మరల వచ్చి, చూచినదానిని దినచర్యలో వ్రాసికొన్నవాడు మహేంద్రనాథ గుప్తుడు. ఈయన 1854లో కలకత్తాలో జన్మించెను. విద్యాసాగరుని పాఠశాలల శాఖయందు ప్రధానోపాధ్యాయుడు. 1882 ఫిబ్రవరిలో ఇంటి కలహములకు తాళలేక, బ్రదుకుపై ఆశ విడిచి ఇల్లు వెడలి, బరానగరులోని సోదరి యింట తలదాచుకొని, ఒకనాటి సాయంకాలము షికారుగా పోవుచు దక్షిణేశ్వరము చేరినవాడు. అటుపిమ్మట నాలుగేండ్లకు పుత్రశోకము తగిలెను. భార్య నికుంజదేవి మతి చలించినదానివలె నయ్యెను. 1886 ఏప్రిల్‌లో, తాను మరణశయ్యపైనుండియు, పరమహంస ఆమెను కాశీపూరునకు పిలిపించి, శారదాదేవి చెంత కొన్నినాళ్లు ఉండుమనెను. ఇట్లు రెండు పర్యాయములు గురుసన్నిధిలో ఉపశమనము పొందిన కుటుంబమునకు, గురువే పోయినవెనుక మిగిలినది ఈ పాతయిల్లు.

అచ్చట ఆయన చూచినది శాంతమూర్తులను కాదు. 1887 ఫిబ్రవరి 21 శివరాత్రి. ఆనాడు ఉపవాసమున్న యువకులు మారేడుచెట్టు క్రింద పూజించి, పాడి, ఆడిరి. ఆ యుత్సాహమునకు అడుగున తీరని వేదన కలదు. అదే సంవత్సరము మే నెలలో నరేంద్రుడు - తరువాతి వివేకానందస్వామి - కలకత్తాలో మహేంద్రుని యింటికి వచ్చి, ఏదియు రుచించుట లేదనియు, ప్రాయోపవేశమున ప్రాణము విడువవలెనని తోచుచున్నదనియు చెప్పుకొనెను. ఊరటకై గృహస్థు మఠమునకు పోవుట సహజము. ఇచ్చట సన్యాసియే గృహస్థు నింటికి వచ్చి గుండె విప్పుకొనుచున్నాడు. ఎవడు వైద్యుడు, ఎవడు రోగి యను భేదము ఆ స్నేహమున చెరిగిపోయినది.

అదే మే నెలలో రవీంద్రుడను యువకుడు పిచ్చివానివలె, పాదరక్షలు లేక, ఆ మఠమునకు పరుగెత్తి వచ్చెను. అతడు లోగడ పరమహంసను దర్శించినవాడే. ఒక వేశ్యయం దనురక్తుడై, ఆ బంధము తెగుటతో దిక్కుతోచక వచ్చినాడు. అతనికి ఎవ్వరును ధర్మోపన్యాసము చేయలేదు, ప్రాయశ్చిత్తము విధింపలేదు. ముందు గంగాస్నానము చేసి మనస్సును కుదుటపరచుకొనుము, పిమ్మట మాటలాడుకొందమని నరేంద్రుడు చెప్పెను. మహేంద్రుడు అతనిని దాపునగల శ్మశానమునకు తోడ్కొనిపోయి పరమహంస ముచ్చటలు చెప్పెను. పూర్వసంస్కారములు అంత సులభముగ తొలగునా యని ఆ యువకుడు సందేహించెను. ఆ సందేహము న్యాయమైనదే. మఠవాసులును దానిని కాదనలేదు. అతనికొక కాషాయవస్త్ర మిచ్చి తమతో కూర్చుండ చోటిచ్చిరి. ఇంతే ఆ మఠము చేసిన చికిత్స: స్నానము, చోటు, తొందరలేని మాట.

అయితే ఈ కథకు మరియొక పార్శ్వము కలదు. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. శశిభూషణ చక్రవర్తి తండ్రి నిరుపేద బ్రాహ్మణుడు, తానును సాధకుడు. శశి జ్యేష్ఠపుత్రుడు, చదువున మేటి. అతడు పట్టభద్రుడై ఇంటి దారిద్ర్యము తీర్చునని తలిదండ్రులు వేచియుండిరి. తండ్రి కుమారుని తీసికొనిపోవుటకై మఠమునకు వచ్చెను. ఆయన వచ్చుట చూచి శశి మరియొక ద్వారమున తొలగిపోయెను. ఇచ్చట అధికారి యెవడని ఆ వృద్ధుడు మహేంద్రుని ప్రశ్నించి, నరేంద్రుడే ఈ అనర్థమునకు మూలమని నిష్ఠురమాడెను. అందరును సమానులే, అధికారి లేడనియు, ఇష్టము లేనివానిని ఎవడు ఇల్లు విడిపింపగలడనియు మహేంద్రుడు సమాధానమిచ్చెను. నీవలె ఇంటనుండియే దేవుని కొలువరాదా యని తండ్రి అడిగెను. ఆ ప్రశ్న ఆనాటి బంగాళదేశమున ఎన్నియో గడపలలో పుట్టిన ప్రశ్న. తలిదండ్రులు తలపునకు వచ్చినప్పుడెల్ల శశి హృదయము మిక్కిలి వేదన నొందుచుండెనని మహేంద్రుడు వ్రాసెను. సురేంద్రునికి ఊరటయైన ఇల్లు ఆ తండ్రికి గాయమైనది. ఊరటకు వెల నెలకు నూరు రూపాయలు మాత్రము కాదు.

ఆ గాయము వట్టిపోలేదని చెప్పుటకు తెలుగువారికి ఒక కారణము కలదు. తక్కినవారు తీర్థాటనములకు వెడలుచుండగా శశి మాత్రము మఠము విడువక, పూజయు వంటయు కనిపెట్టి, మరలివచ్చినవారికి అన్నము పెట్టుచుండెను. 1890లో సురేంద్రుడు మరణించెను. మరియొక పోషకుడు బలరామ వసువు కూడ ఆ యేడే గతించెను. 1892లో మఠము ఆలంబజారునకు తరలెను. ఆ శశియే రామకృష్ణానందస్వామి యను పేర 1897 మార్చిలో మద్రాసునకు వచ్చెను. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివి. పేదయింటి చదువును విడిచివచ్చిన ఆ స్వామి చేయూతతోనే 1905లో మద్రాసున పేదవిద్యార్థులకొక వసతిగృహము వెలసినది. తండ్రి ఋణమును ఆయన ఈ విధమున పరుల బిడ్డలయెడ తీర్చుకొనెనని అనవచ్చునేమో. కాని ఆ తండ్రికి అది తీరినదని అనుట మన సాహసము.

బేలూరు మఠము 1898 డిసెంబరు 9న గంగకు పడమటిగట్టున ప్రతిష్ఠితమైనది. మున్షీల పాతయిల్లు నిలువలేదు. నిలిచినది మహేంద్రుని దినచర్య. 1902 మొదలు 1932 వరకు అయిదు భాగములుగా వెలువడిన కథామృతము తెలుగులోనికిని వచ్చినది. ఊరటకై మఠమునకు పోయిన ఉపాధ్యాయుడు, పోలేనివారికి దానిని పుస్తకముగా ఇంటికి పంపెను. ఆ పుటలలో ఆయన తన పేరు చాటుకొనక పొడియక్షరము చాటున నిలిచెను; ఆ యింటి ఆకలిని, కన్నీటిని, ఆ తండ్రి ప్రశ్నను మాత్రము దాచలేదు. దాచియుండినచో పుస్తకము స్తోత్రమయ్యెడిది; దుఃఖించువానికి తోడు కాజాలకపోయెడిది.