నెత్తము – ధర్మశాస్త్రము – నేఁటి యంత్రద్యూతము

నెత్తమునకుఁ దెనుఁగుదేశమునఁ బ్రాచీనచరిత్ర గలదు. నేఁడది పాచికలను విడిచి చేతిఫోనులోఁ బ్రవేశించినది. 1971 జనవరి 20వ తేదీన నుక్కుకర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిదపఁ బెరిఁగిన గాజువాకవంటి యూరఁ దేనీటియంగడులకడ నీ విషయమున రెండభిప్రాయములు వినవచ్చును. “సొమ్ము వానిది, తెలివి గలవాఁడు గెలుచును” అనునది యొకటి. “యంత్రముతో నాడి బాగుపడినవాఁడు లేఁడు” అనునది మఱియొకటి. ఈ రెంటిలో దేనికి మన వాఙ్మయమునను శాసనచరిత్రమునను బలము గలదో విచారింతము.

ఋగ్వేదము పదవ మండలమునందలి యక్షసూక్తము జూదరి పరితాపమును వర్ణించినది. మనువు ద్యూతమును రాజ్యమునుండి తొలఁగింపుమనెను. కౌటిల్యుఁడు వేఱుమార్గము త్రొక్కెను. అర్థశాస్త్రము ప్రకారము ద్యూతాధ్యక్షుఁడు ఒక్కచోటనే యాట నడిపింపవలెను. మఱియొకచోట నాడినవారికి 12 పణములు దండన. దొంగబ్రదుకు బ్రదుకువారి నెఱుఁగుటకే యీ కట్టడి. అధ్యక్షుఁడు దోషములేని పాచికల నుంచవలెను; గెలుపుసొమ్మున నూటి కైదు భాగము గైకొనవలెను. యాజ్ఞవల్క్యుఁడును సభికుని భాగమును నిర్ణయించెను. ఆ స్మృతికి వ్యాఖ్యయగు మితాక్షరను 13వ శతాబ్దమునఁ గేతన తెనిఁగించెను. వీరు మొదట నడిగిన ప్రశ్నలు రెండు: పాచిక యెవనిచేతిది? భాగము దీయువాఁడెవఁడు?

తెలివి గెలుచుననువారికి భారతమే ప్రత్యుత్తరము. రాజమహేంద్రవరమున 11వ శతాబ్దమున నన్నయ తెనిఁగించిన సభాపర్వమున శకుని యక్షవిద్యయందు నిపుణుఁడు, ధర్మరాజు కాఁడు. నైపుణ్యమే దోషమును బాపునేని శకునియందు దోషమే లేదనవలసివచ్చును. పందెము దుర్యోధనునిది, ఆడుచేయి శకునిది. ఒకనికై యొకఁడాడుట విషమమని మూలభారతమున ధర్మరాజే యాక్షేపించి, పిదప నాటకుఁ గూర్చుండెను. పల్నాటి కథయందుఁ గోడిపందెము బ్రహ్మనాయని పక్షమువారిని వనవాసమునకుఁ బంపినది. గురజాడ యప్పారావుగారి కన్యాశుల్కము 1909 నాఁటి కూర్పున మధురవాణి యింటఁ బేకాట జరుగును. అచట నాడువారందఱు నొకరి మొగము నొకరు చూచుచున్నారు. ముక్కలు కలుపు చేయి కన్నులయెదుటనే యున్నది.

ఆధునికన్యాయస్థానము పై ప్రశ్నలకంటె నైపుణ్యమునే ముఖ్యముగా విచారించినది. సికిందరాబాదునందలి యొక క్లబ్బు వ్యాజ్యెమున 1967 నవంబరులో సుప్రీముకోర్టు, రమ్మీయందు ముక్కల పాటును జ్ఞప్తియం దుంచుకొనుటకును, ఉంచుటకును విడుచుటకును నేర్పు వలయును గావున నది కేవలము దైవాధీనమైన యాట కాదనెను. కాని యా తీర్పుననే మఱియొక వాక్యము గలదు: పందెపుటాటవలన నింటియజమాని లాభము గైకొనెనేని నేరము స్థాపింపవచ్చును. మొదటి మాట లోకమున వ్యాపించినది, రెండవది మఱుఁగుపడినది.

యంత్రద్యూతమున నీ రెండవ మాటయే ప్రధానము. ఇందు ముక్కలు కలుపునది యాట నడుపు సంస్థవారి గణనక్రమము. ప్రతిపందెమునుండియు భాగము గైకొనువారు వారే. ఎదుటివాఁడు మనుష్యుఁడో, యంత్రమో యాడువానికిఁ గానరాదు. పూర్వము పేకాటకు నలుగురు కూడవలెను, చోటు వలయును, ప్రొద్దు కావలెను. ఇప్పుడు రాత్రిపాళి ముగించి బస్సుకై నిలిచినవాఁడు నిలిచినచోటనే నెలజీతము నొడ్డవచ్చును. అడ్డుచెప్పు నాలుగవవాఁడు పక్కన లేఁడు.

తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020 సెప్టెంబరులోను ఆన్‌లైను పందెపుటాటలను నిషేధించెను. 2023 అక్టోబరు 1 నుండి కేంద్రము వానిపై నూటి కిరువదియెనిమిది వంతున పన్ను విధించినది. 2025 ఆగస్టులోఁ బార్లమెంటు చేసిన చట్టము నైపుణ్యమో దైవమో యను విచారమునే విడిచి, ధనము పందెముగా నుండు నాన్‌లైనాటల నన్నింటిని నిషేధించినది. పందెములేని యాటలను నిషేధింపలేదు. భాగము గైకొను కౌటిల్యుని త్రోవనుండి రెండేండ్లలోపల మనువు త్రోవకు మరలితిమనవచ్చును.

అయినను గౌటిల్యుని హెచ్చరిక తీఱలేదు. నిషేధించిన యాట చాటునకుఁ బోవును. చాటున నున్న పాచికను బరీక్షించు నధ్యక్షుఁడుండఁడు. కావున చట్టముతోఁబాటు గృహమునను, కర్మాగారమునను, పాఠశాలయందును నా పాతప్రశ్నలే యడుగుట నేర్పవలెను: పాచిక యెవనిచేతిది? భాగ మెవనికిఁ బోవుచున్నది? తేనీటియంగడి రెండభిప్రాయములలో రెండవదానికే పూర్వుల సాక్ష్యము బలముగా నున్నది. యంత్రము చెడ్డదగుటచేఁ గాదు. దానివెనుక నున్న చేయి కానరాకపోవుటచేత.