గిటారు వర్ధకములో ప్రక్కదారి

విద్యుత్ గిటారు తీగను మీటినప్పుడు పుట్టు సంకేతము సుమారు వోల్టులో పదవ వంతు మాత్రమే. అది లౌడ్‌స్పీకరును కదలింపవలెనన్న దానిని పెంచు వర్ధకము కావలెను. ఇంటివద్దనే వాల్వు వర్ధకములను నిర్మించుకొను ఉత్సాహవంతులు వాటికి ‘ఎఫెక్ట్స్ లూపు’ అను ప్రక్కదారిని చేర్చుచుందురు. అది ఎందుకు అవసరమైనదో తెలిసికొన్నచో గణితములోని ఒక విషయము కూడ బోధపడును.

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ ధ్రువమగు గ్రిడ్డును చేర్చెను. గ్రిడ్డుపై వోల్టేజి స్వల్పముగా మారినను ప్లేటుకు పోవు ఎలక్ట్రాన్ల ప్రవాహము ఎంతో మారును. మెరుగుపరచిన ఇట్టి వాల్వుల సాయముతోనే 1915లో న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య టెలిఫోను సంభాషణ సాధ్యమైనది. ఇంజనీర్లు కోరినది ఒక్కటే: తరంగము రూపు చెడక పెద్దది కావలెను.

1932లో విద్యుత్ గిటార్లు అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. వాటి వర్ధకములను తయారుచేసినవారి ఆశయమును అదియే. కాని వాద్యకారులు వాటిని శక్తికి మించి నడపిరి. వాల్వు ప్రవాహమును ఒక హద్దువరకే పెంచగలదు; ఆపైన తరంగ శిఖరములు అణగిపోవును, కొత్త అనుస్వరములు పుట్టును. ఇంజనీరుకు దోషమైనది వాద్యకారునకు ఇంపైనది.

1950లలో టేపుపై ధ్వనిని ముద్రించి కొంత ఆలస్యముగా వినిపించు ప్రతిధ్వని యంత్రములు వచ్చినవి. వీనిని గిటారుకును వర్ధకమునకును నడుమ తగిలించినచో, శిఖరములు అణగు స్థితిలో స్వరము, ప్రతిధ్వని కలగాపులగమగును. ఒక లెక్క చూడుడు. వర్ధకపు మొదటి అంచె హద్దు 10 ప్రమాణములనుకొందము. స్వరము 12, దానిపై పడు ప్రతిధ్వని 6 అయినచో మొత్తము 18. అది 10కి అణగును. అందులో ప్రతిధ్వని పాలు ఎంతయో చెవి పోల్చుకొనలేదు. ముందు స్వరమును అణచి పిదప ప్రతిధ్వనిని చేర్చినచో స్వరము 10, ప్రతిధ్వని 5. తరువాతి అంచె 15ను భరింపగలిగినచో రెండును స్పష్టముగా నిలుచును. 3కు 1 కలిపి వర్గము చేసిన 16. వర్గము చేసి 1 కలిపిన 10. క్రమము మారిన ఫలితము మారును.

ఈ క్రమమును పాటించిన ఏర్పాటు 1963 నాటి ఫెండర్ వైబ్రోవెర్బ్ వర్ధకములోనే కలదు. అందులో ఒక వాల్వు సంకేతమును స్ప్రింగులలోనికి పంపును. వాటి రెండవ కొసను చేరిన బలహీన సంకేతమును మరొక వాల్వు పెంచి అసలు సంకేతములో కలుపును. 1970ల చివరినుండి కొందరు నిర్మాతలు ఇట్టి దారిని వెలుపలకు తెరచి, ‘సెండ్’, ‘రిటర్న్’ అను రెండు సాకెట్లను అమర్చిరి. రైల్వేస్టేషనులోని లూపు లైను వంటిదే ఇది. స్విచ్చి ఒకవైపున్న సంకేతము మెయిన్ లైనున సాగును, మరొకవైపున్న బయటి యంత్రమును చుట్టివచ్చును.

వాల్వు ప్లేటుపైనుండు వందల వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఒక కెపాసిటరు ఆపి, సంకేతమును మాత్రము పోనిచ్చును. 9 వోల్టుల బ్యాటరీతో నడచు యంత్రములు పదుల వోల్టుల సంకేతమును భరింపలేవు. కనుక రెండు నిరోధములతో దానిని సుమారు 1 వోల్టునకు తగ్గింతురు. తిరిగివచ్చిన పిదప మరొక వాల్వు అంతకంతయు పెంచును. తగ్గింపు, పెంపు సరిగా తూగనిచో స్విచ్చి వేయగానే శబ్దము హెచ్చుట, తగ్గుట జరుగును.

ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చెప్పవలసిన మాట ఒకటి కలదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ వర్ధకములోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణాంతకమగు వోల్టేజి నిలిచియుండవచ్చును. ముందు ప్లగ్గు తీయవలెను. పిదప తగిన నిరోధము ద్వారా ఆ విద్యుత్తును ఖాళీ చేయవలెను. మీటరుతో కొలిచి సున్నయని నిశ్చయించుకొనిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ఇక్కడ కూడ క్రమమే ముఖ్యము.