ఒక్క మైకు నాటి మిక్సింగ్

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినా, శ్రీరామనవమి పందిరయినా ముందు వేపచెట్టుకో స్తంభానికో హార్న్ కట్టేవాళ్లు. ఆ రేకు గొట్టంలో బేస్ సరిగా పలకదు. అయినా పాటలో మాట మాత్రం మిరప చేలదాకా వినపడేది. అందులో గాయకుల గొంతుతోపాటు, మద్రాసులో ఆ పాటను కలిపిన ఇంజనీరు చెవికీ వాటా ఉంది.

1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి ఇలా కలపడమన్న పనే లేదు. తొలి టాకీల్లో నటులు కెమెరా ముందే పాడేవారు. వాద్యగాళ్లు ఫ్రేముకు అవతల కూర్చునేవారు. ప్లేబ్యాక్ పద్ధతితో పాట రికార్డింగ్ థియేటర్‌కు చేరింది. మైకులు తక్కువ కాబట్టి ఎవరెంత వినపడాలో కుర్చీ వేసిన చోటే తేలిపోయేది: వయొలిన్లు వెనక్కి, వేణువు కాస్త ముందుకి, గాయకుడు మైకుకు దగ్గరగా. ఆఖరి చరణంలో తబలా తడబడిందా, మళ్లీ పల్లవి నుంచే!

అమెరికాలో లెస్ పాల్ తన గిటారు మీద తనే మళ్లీ మళ్లీ వాయించి పొరలు పొరలుగా పాట కట్టాడు. 1957లో ఆంపెక్స్ కంపెనీ ఆయనకు 8 ట్రాకుల టేపు యంత్రం చేసిచ్చింది. ముందు రికార్డు చేసి, హెచ్చుతగ్గులు తర్వాత తేల్చుకునే వీలు అలా చిక్కింది. మనకది నిదానంగా అందింది. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో పుట్టిన సంగీత దర్శకుడు చక్రవర్తి ‘యమగోల’ (1977), ‘వేటగాడు’ (1979) చేసేనాటికి కూడా గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే పూట పాట పూర్తిచేయడమే ఎక్కువ.

ట్రాకులు విడివిడిగా ఉంటే కొత్త తగువులు మొదలవుతాయి. తబలాలో డగ్గా గుమకీ, బేస్ గిటారూ ఒకే చోటికి పోటీపడతాయి. ఒకటి తగ్గాల్సిందే. గిటారులో 300 హెర్ట్జ్ చుట్టూ కొంచెం కోసి, గొంతులో 3,000 దగ్గర కాస్త పెంచితే, శబ్దం పెంచే ఫేడర్ మీట ముట్టుకోకుండానే మాట ముందుకొస్తుంది. పందిట్లో కట్టిన హార్న్‌లోనూ బాగా పలికేది గొంతును పెంచిన ఆ ప్రాంతమే.

ఇలా పాటలు కలిపినవాళ్లలో ఒకరు, రెహమాన్ పాటలకు పనిచేసిన ఇంజనీరు హెచ్. శ్రీధర్, 2008లో కన్నుమూశారు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ ఆల్బమ్‌కు 2010లో వచ్చిన గ్రామీలో ఆయనకూ వాటా దక్కింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే వంద ట్రాకులు తెరుచుకుంటున్నాయి. డ్రమ్ముల కింద సాహిత్యం నలిగిపోతున్న పాటలకూ కొదవ లేదు.

ఈసారి టీవీలో పాత సినిమా వస్తే, పేర్లు పడేటప్పుడు ‘పాటల రికార్డింగ్’ అన్న కార్డు కోసం ఒక్క క్షణం ఆగండి. అక్కడున్న పేరు చదవండి.