సూర్యకాంతి చేరని చోట బతుకు: సముద్రపు వేడి ఊటలు, అక్కడి సహజీవులు

ఆహార గొలుసు ఎక్కడ మొదలవుతుందని సైన్సు పాఠంలో అడిగితే, "పచ్చని మొక్కల దగ్గర" అని చెప్తాం. నేల మీద అది నిజమే. కానీ సముద్రం అడుగున కొన్ని చోట్ల ఆ గొలుసు మొక్కతో కాదు, బ్యాక్టీరియాతో మొదలవుతుంది.

వేడి ఊట అంటే ఏమిటి?

సముద్రపు అడుగున ఉన్న పగుళ్లలోంచి నీళ్లు కిందికి ఇంకుతాయి. లోపలి శిలాద్రవం వేడికి బాగా కాగి, రాళ్లలోని లోహాలనూ గంధకాన్నీ కలుపుకొని మళ్లీ పైకి చిమ్ముతాయి. ఆ నీటి వేడి 350 డిగ్రీలు దాటొచ్చు. పైనున్న నీటి ఒత్తిడి వల్ల అంత వేడిలోనూ అది మరిగి ఆవిరైపోదు. చుట్టూ ఉన్న నీళ్లు మాత్రం సుమారు 2 డిగ్రీల చల్లదనంలో ఉంటాయి. వేడి నీళ్లు వాటిని తాకగానే లోహాలు నల్లటి నుసిగా విడిపోయి, పొగలాగా కనిపిస్తాయి. జంతువులు ఆ మరీ వేడి నీటిలో ఉండవు, రెండు రకాల నీళ్లూ కలిసే చోట ఉంటాయి.

నోరు లేని పురుగు

1977లో అమెరికా శాస్త్రవేత్తలు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో గాలాపగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగారు. వాళ్లు వెళ్లింది వేడి ఊటల కోసం. జంతువులు కనిపిస్తాయని ఎవరూ అనుకోలేదు, ఆ బృందంలో జీవశాస్త్రవేత్తలే లేరు. తీరా చూస్తే గుంపులు గుంపులుగా ఆల్చిప్పలు, పీతలు, తెల్లని గొట్టాల్లో ఎర్రని కుచ్చులున్న పురుగులు! ఆ గొట్టపు పురుగు పేరు రిఫ్టియా. ఇది మనిషి కంటే పొడవు పెరగగలదు. పెద్దయిన పురుగుకు నోరు లేదు, పేగులు లేవు. మరి ఏం తిని బతుకుతోంది?

ఈ చిక్కు విప్పింది ఒక విద్యార్థిని. 1980లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ పురుగు గురించి ఉపన్యాసం జరుగుతోంది. దాని శరీరంలో గంధకపు స్ఫటికాలు దొరికాయని వక్త చెప్పారు. అప్పుడే పరిశోధనలో చేరిన కొలీన్ కావనా లేచి నిలబడి, "అయితే లోపల గంధకంతో బతికే బ్యాక్టీరియా ఉండి ఉండాలి" అన్నారు. తర్వాత ఆమే సూక్ష్మదర్శినితో పరీక్షించి ఆ మాట నిజమని చూపించారు. 1981లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇచ్చిపుచ్చుకోవడం

ఊట నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దీనిదే. మనకిది విషం. రిఫ్టియా రక్తంలోని ప్రత్యేకమైన హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌నూ సల్ఫైడ్‌నూ వేర్వేరు చోట్ల పట్టుకొని, హాని లేకుండా లోపలికి చేరవేస్తుంది. పురుగు లోపల ఒక మెత్తని అవయవం నిండా బ్యాక్టీరియా ఉంటుంది. అది సల్ఫైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి, వచ్చిన శక్తితో కార్బన్ డయాక్సైడ్ నుంచి ఆహారం తయారుచేస్తుంది. దీన్ని రసాయన సంశ్లేషణ అంటారు. బ్యాక్టీరియాకు ఇల్లూ ముడిసరుకూ దొరుకుతాయి, పురుగుకు తిండి దొరుకుతుంది. ఇదే సహజీవనం.

పిల్ల పురుగు ఈ బ్యాక్టీరియాతో పుట్టదు. చుట్టూ ఉన్న నీటిలోంచి అది చర్మం గుండా లోపలికి చేరుతుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇక్కడ సూర్యకాంతి లేకపోయినా, బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్ మాత్రం పైన కిరణజన్య సంయోగక్రియ వల్ల పుట్టిందే. కాబట్టి ఈ పురుగులకు సూర్యుడితో సంబంధం పూర్తిగా తెగిపోలేదు.

ఇంకొన్ని జంతువులు

2005లో ఈస్టర్ దీవికి దక్షిణాన దొరికిన యెతి పీత చేతుల నిండా వెంట్రుకల్లాంటి నూగు ఉంటుంది, దాని మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. కోస్టారికా దగ్గరి దాని బంధువు, చల్లని ఊటల దగ్గర చేతులను అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది. అలా ఊపితే బ్యాక్టీరియాకు తాజా నీళ్లు అందుతాయి. తర్వాత ఆ పంటను పీత దువ్వుకొని తింటుంది. అట్లాంటిక్ ఊటల దగ్గరి రిమికారిస్ రొయ్యలు మొప్పల గదిలో బ్యాక్టీరియాను మోస్తాయి.

మన హిందూ మహాసముద్రంలో

2001లో హిందూ మహాసముద్రపు కైరేయి ఊటల దగ్గర ఒక వింత నత్త దొరికింది. దాని పాదం మీద ఇనుము కలిసిన పొలుసులుంటాయి. దానికి ఆహారం పెట్టే బ్యాక్టీరియా దాని అన్నవాహికకు చేరిన గ్రంథిలో ఉంటుంది.

ఊటల దగ్గర పేరుకున్న రాళ్లలో రాగి, జింకు, బంగారం, వెండి ఉంటాయి. హిందూ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్ల మేర వాటిని అన్వేషించడానికి భారతదేశం 2016లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఇది వెతకడానికి అనుమతి, తవ్వడానికి కాదు. 2024 డిసెంబరులో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రంతో కలిసి, సుమారు 4,500 మీటర్ల లోతున ఉన్న ఒక ఊట ఫోటో తీసింది.

తవ్వకాల భయంతోనే ఆ పొలుసుల నత్తను 2019లో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల ఎర్ర జాబితాలో చేర్చారు. ఫోన్లకూ కరెంటు తీగలకూ లోహాలు కావాలి, నిజమే. కానీ ఊట చుట్టుపక్కల జాగా చాలా చిన్నది. అది పాడైతే ఆ నత్త వెళ్లి ఉండగలిగే చోట్లు ఎక్కువ లేవు. రెండు వైపులా ఆలోచించాల్సిన విషయమిది. ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, మీ అభిప్రాయం పది వాక్యాల్లో తెలుగులో రాసి సైన్సు టీచరుకు చూపించండి.